సున్నం బొట్టు పడిన డబ్బా

వంతెన మీద మా ట్రాలీ ఆటో ఆగిపోయేసరికి నా దగ్గర మిగిలిన సరుకు ఇది: కాలిన నాలిక, గొంతుదాకా నిండిన పొట్ట, నాలుగు బళ్ల దగ్గర తప్పిన గండం, ఇంకా చూడవలసిన బండి ఒకటి. ముందు లారీ, వెనక బస్సు, పక్కన ఎవరిదో కారు. ఆ కారు కిటికీలోంచి ఒక కుక్క తల బయటపెట్టి నా వంకే చూస్తోంది. మధ్యాహ్నం నుంచి తిన్నవన్నీ నా చొక్కాకి పట్టాయి, దానికి తెలియకుండా ఎలా ఉంటుంది. డ్రైవరు సీట్లో మా బావమరిది హారన్ మీద చెయ్యి వేసి, కొట్టి లాభం లేదని మళ్లీ తీసేశాడు. పొద్దు వాలుతోంది. వంతెన అవతల రేవు, రేవు గేటు పక్కన మా చెల్లెలి బండి. ఈపాటికి పొయ్యి వెలిగించి ఉంటుంది. ఈపాటికి బాణలి పెట్టి ఉంటుంది. ఈపాటికి డబ్బా మూత తీసి. అక్కడ ఆలోచన ఆపాను. అది ఆగలేదు, మూత తీసింది, బాణలిలోకి వంచింది, చేప ముక్క వేసింది, బడి నుంచి వచ్చిన మా మేనకోడలి చేతిలో మొదటి ముక్క పెట్టింది.

మాది టోకు నూనె కొట్టు. పెద్ద దుకాణాలకి సీలు వేసిన డబ్బాలు వెళతాయి. వీధి బళ్ల వాళ్లు తమ పాత డబ్బాలే పంపుతారు, మేం పీపాలోంచి నింపి, తూచి, మూత బిగించి, మూత మీద వేలితో సున్నం బొట్టు పెడతాం. బొట్టు ఉందంటే తూకం అయిపోయింది, ఎక్కించవచ్చు అని అర్థం. మా నాన్న కాలం నుంచి అంతే. చదువు అక్కర్లేని గుర్తు, మసక వెలుతురులో కూడా కనబడే గుర్తు, అందులో తప్పు దూరడానికి సందు లేదనుకునేవాణ్ణి. నిన్న సాయంత్రం పక్క షెడ్డు మెకానిక్ తన షెడ్డు లోపలి గోడలకి సున్నం కొట్టిస్తూ, అడ్డంగా ఉందని ఒక డబ్బా తెచ్చి మా గోడౌన్‌లో పెట్టాడు. అందులో ఉన్నది కుట్టు మిషన్లకి పోసే నూనె. డబ్బా మాత్రం ఎప్పుడో నా దగ్గర అడిగి పట్టుకెళ్లిన మా డబ్బాయే. అప్పటికే ఆ సున్నం కొట్టేవాడి కుంచెలోంచి ఒక చుక్క జారి దాని మూత మీద పడి ఆరిపోయింది. ఎక్కడో అంచున పడినా సరిపోయేది. నడిమధ్యన పడింది, నా వేలితో నేనే పెట్టినంత గుండ్రంగా.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి, "నా డబ్బా ఏదన్నా?" అన్నాడు.

"మూల ఉంది చూడు."

"మూల చీపురుందన్నా."

హమాలీ పెద్దాయన అన్నం మూట విప్పుకుంటున్నవాడల్లా తలెత్తాడు. "బొట్టున్నవన్నీ ఎక్కించేశానయ్యా. బొట్టు లేనిదాన్ని నేను ముట్టుకోను, మీకు తెలుసు కదా."

నాకు తెలుసు. ముట్టుకోడు. మూత మీద సున్నం చుక్క పడిన సంగతి అప్పుడు బయటపడింది. మెకానిక్‌ని అడిగాను, వాసన చూస్తే తెలుస్తుందా అని. "మంచి రకమన్నా. వాసనుండదు, రంగుండదు, నీళ్లలా ఉంటుంది," అన్నాడు, పెళ్లిచూపుల్లో పిల్లని పొగిడినట్టు. కడుపులోకి వెళితే? వాడు పొగడడం ఆపాడు. పెద్దవాళ్లయితే రెండు రోజులు కడుపు పట్టుకుని తిరుగుతారన్నా, చిన్నపిల్లలకైతే నేను చెప్పలేను. నేను చెప్పలేను అన్న ఆ మాట అప్పటినుంచి నా పక్క సీట్లోనే కూర్చుని వస్తోంది.

పొద్దున బొట్టు డబ్బాలు వెళ్లిన బళ్లు ఐదు, ఊరికి ఐదు మూలల. ఫోన్లు చేశాను. బళ్ల వాళ్లకి ఆ వేళప్పుడు చేతులు ఖాళీ ఉండవు, పిండిలో ఉంటాయి, కారంలో ఉంటాయి. ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడకి చేశాను, ఎందుకంటే ఇంకెవరికి చెయ్యాలో తెలియలేదు.

"మైకు పెట్టి చెప్పించండి," అంది.

"చెప్పిస్తే రేపటి నుంచి ఈ ఊళ్లో ఒక్క బండి ముందు మనిషి నిలబడడే. మనొక్కళ్ల సంగతి కాదు."

"నిలబడకపోతే మానె. పిల్లలు తింటారండీ అవి."

ఆవిడ మాటలో తూకం ఉంది, నా మాటలోనూ ఉంది. రెండూ చెరో పళ్లెంలో వేసి చూస్తూ కూర్చునే వేళ కాదు. నాలో నేను బేరం కుదుర్చుకున్నాను: బళ్లు వెలిగే వేళకి, ముందు వెలిగేది ముందుగా, ఒక్కొక్కదాన్నీ అందుకుంటాను, నోటితో నేనే తేలుస్తాను, ఐదో బండి దగ్గర కూడా దొరక్కపోతే ఏ మైకూ అక్కర్లేదు, నడిరోడ్డు మీద నేనే అరుస్తాను. నోటితో ఎందుకంటే, వీళ్లు డబ్బా రాగానే పెద్ద గిన్నెలోకి వంపేసుకుంటారు, పాత నూనెలో కలిపేస్తారు, చూసి తెలిసేది ఉండదు. జనం ముందు నూనె అరచేతిలో పోయించుకుని నాకితే బండి ఆ క్షణమే ఖాళీ. మిగిలింది తినడం. నూనె వ్యాపారి బండి దగ్గర నిలబడి తింటే ఎవరికీ అనుమానం రాదు, ఆశ్చర్యం వస్తుంది, అంతే.

ఆశ్చర్యం రావలసిందే, ఎందుకంటే నేను ఎప్పుడూ తినలేదు. ఇన్నేళ్లుగా ఈ ఊరి వీధులకి నూనె పోస్తున్నాను, ఆ నూనె ఏమవుతుందో చూడలేదు. మా ఇంట్లో అమ్మ అన్నీ ఉడకబెట్టేది. అమ్మేది మనం, తినేది వాళ్లు అనేది. నాన్న కొత్త సరుకు వచ్చినప్పుడు మాత్రం ఒక్క చుక్క నాలిక మొదట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, కాసేపాగి, ఊసేసి, "ఇది నిలవది," "ఇది రెండు గింజలు కలిపింది," అనేవాడు. నాకూ నేర్పాడు, మా చెల్లెలికీ నేర్పాడు. చెల్లి ఊసేది కాదు. మింగేసేది. బావుంది నాన్నా, ఇంకో చుక్క, అనేది. ఆ తేడా మా ఇద్దరి మధ్య అప్పుడే ఉంది.

లారీ కదిలింది. కదిలి మళ్లీ ఆగింది. బావమరిది వెనక్కి తిరిగి, "బావా, సోడా ఏమన్నా తాగుతావా, మొహం అదోలా ఉంది," అన్నాడు. వాడి మొహమూ అలాగే ఉంది. మొదటి బండి దగ్గర వాణ్ణి కూడా రుచి చూడమన్నాను, ఒక నాలిక పొరబడవచ్చు, రెండు పొరబడవని. "పెళ్లి కావలసినవాణ్ణి బావా, నాకేమన్నా అయితే అక్కకేం చెబుతావు?" అంటూనే పళ్లెం నా చేతిలోంచి లాక్కున్నాడు.

అది బడి గేటు పక్కన బండి. ముసలి దంపతులు, బంగాళాదుంపల్ని చక్రాల్లా కోసి పిండిలో ముంచి వేయిస్తారు. మేం వెళ్లేసరికి బడి వదిలేశారు, బండి చుట్టూ సంచులు, సంచుల కింద పిల్లలు. నేను మధ్యలో దూరితే ఒకడు చొక్కా పట్టుకుని, "లైన్లో రండి అంకుల్," అన్నాడు. ముసలామె నన్ను చూసి గరిటె ఆపింది. "షావుకారుగారే వచ్చారే! నూనె ధర పెంచుతున్నారా ఏంటి?" ముసలాయన, "ముందు తిననివ్వవే, తిన్నాక పెంచుతారు," అన్నాడు. నేను నవ్వానో లేదో నాకు తెలియదు. చుట్టూ అన్ని చిన్న నోళ్లు నములుతున్నాయి, నేను చెప్పలేను, నేను చెప్పలేను. చక్రం నోట్లో వేసుకున్నాను. కరకర, తర్వాత మెత్తన, తర్వాత నాలిక మొదట్లో, నాన్న చెప్పిన చోట, గింజ రుచి. నా నూనే. నా సొంత పీపాలోంచి వచ్చిన నూనే. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. "కారం ఎక్కువైందా బాబూ?" అంది ముసలామె. ఎక్కువైందన్నాను. లైన్లో ఉన్నవాడు నా వంక జాలిగా చూశాడు, ఇంతోటి కారానికా అన్నట్టు.

కానీ అక్కడే ఇంకొకటి తెలిసింది. ఆ బండి దగ్గర పోయిన బరువు ఎక్కడికీ పోలేదు, మిగిలిన నాలుగు బళ్ల మీద సర్దుకుంది. సంతకి తెచ్చిన సరుకు అమ్ముడవుతున్న కొద్దీ చేతులు తేలికవుతాయి. ఇవాళ ఒక్కొక్కటి తేలుతున్న కొద్దీ మిగిలింది బరువెక్కుతోంది. ఇలాంటి లెక్క నాకు అలవాటు లేదు.

రెండోది ఆస్పత్రి రోడ్డు. అక్కడ తినేవాళ్లు మాట్లాడరు. లోపల ఎవరో ఒకరు మంచం మీద ఉంటారు, వీళ్లు బయట నిలబడి గుడ్డట్టు రొట్టెలో చుట్టుకుని, ఏం తింటున్నామో చూసుకోకుండా తింటారు. అట్లు పోసే ఆవిడకి అది తెలుసు. ఎవర్నీ ఏమీ అడగదు, ఉల్లిపాయ మాత్రం అందరికీ కొంచెం ఎక్కువ వేస్తుంది. నేను చేతులు నులుముకుంటూ నిలబడ్డాను, నన్నూ వాళ్లలో ఒకణ్ణనుకుంది, "లోపల ఎవరండీ?" అని మొదటిసారి అడిగింది. ఎవరూ లేరమ్మా అన్నాను. "అయితే అదృష్టవంతులు, మిరపకాయ వెయ్యనా?" అంది. ఆ అట్టు ఎంత మెత్తగా ఉందో ఇప్పుడు, ఈ వంతెన మీద, తెలుస్తోంది. అప్పుడు నూనె తప్ప ఇంకేం వెతకలేదు. నూనె మంచిదే. మిగిలిన ముక్క నమలకుండానే ఆటో ఎక్కాను.

మూడోది సినిమా హాళ్ల సందు. నూడుల్స్ వేసేవాడికి జుట్టు నడుముదాకా ఉంటుంది, మా హమాలీ వాణ్ణి జడ అంటాడు, మా బిల్లుల్లో కూడా జడ అనే రాస్తాం. పక్కన పాటలు, పైన రంగు దీపాలు, బాణలి కింద మంట మనిషెత్తు. వాడు నూడుల్స్ గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంటే పది మంది ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. నేను చల్లారేదాకా ఆగలేకపోయాను. నాలిక అక్కడ కాలింది. కాలిన నాలికకి రుచి తెలియదు కదా అని బావమరిది వంక చూశాను, వాడు రెండు చెంపలూ నింపుకుని బొటనవేలు చూపించాడు. "బావా, ఈ నూనె మనదే, డౌటు లేదు. ఇంకో ప్లేటు తీసుకోనా, ఖాయం చేసుకోడానికి?"

నాలుగోది బస్సు డిపో. అక్కడాయన మాట్లాడడు. పిండి ముద్దని వేళ్ల మధ్య సాగదీసి, గుండ్రం చేసి, నూనెలో వదులుతాడు, అది మునిగి, ఆలోచించుకుని, పైకి తేలుతుంది, చక్కెరలో దొర్లించి కాగితంలో పెడతాడు. అప్పటికి నా నాలిక మొద్దుబారింది, కానీ నూనె చప్పుడు తెలిసింది. పిండి పడగానే మంచి నూనె సన్నగా మాట్లాడుతుంది, అంచులు నురగ కడుతుంది. కళ్లారా చూశాను. చక్కెర వేళ్లకి అంటుకుంది, వేళ్లు నాకాను, బస్సుల మధ్య నిలబడి, ఈ వయసులో. అప్పుడు మా చెల్లి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అచ్చం ఇలాంటివే కాగితంలో చుట్టి పరికిణీ మడతలో దాచుకొచ్చేది. మడత మీద నూనె మరక చూసి నేను అమ్మకి చెప్పేవాణ్ణి. అమ్మ తిట్టేది. తిట్లు అయిపోయాక చెల్లి నా దగ్గరికొచ్చి, "నీక్కూడా ఒకటి దాచాను, ఇప్పుడు ఇవ్వను," అనేది. అంటే రుచి చూసే వీలు అప్పుడే ఉంది, చేతికి అందేదాన్ని వదులుకున్నాను.

నాలుగు బళ్లూ మంచివే. అంటే డబ్బా ఎక్కడుందో తేలిపోయింది.

చెల్లి పెళ్లి పడవల తెరచాపలు కుట్టే అతనితో అయింది. అతనికి నడుం పట్టేసి, కూర్చుని చెయ్యగలిగిన పనే మిగిలినప్పుడు, తను రేవు గేటు దగ్గర చేపల బండి పెట్టింది. మన ఇంటి పరువేం కాను అని నేను అన్నాను. "పరువు వేయించుకు తింటే ఎన్నాళ్లొస్తుంది అన్నయ్యా?" అంది. కోపంగా కూడా కాదు, కూర బేరం చేస్తున్నట్టు. నూనె నా దగ్గరే కొంటుంది, అందరి ధరకే కొంటుంది. ఒకసారి ఊరికే ఒక డబ్బా పంపితే మర్నాడు అదే ఆటోలో తిరిగొచ్చింది, మూత మీద సున్నం బొట్టు చెదరకుండా. వ్యాపారంలో నాకు ఎదురైన గట్టి ఖాతాదారు మా చెల్లెలే. ఎప్పుడు కలిసినా, ఒకసారి వచ్చి తినిపో, అంటుంది. సరేలే, అంటాను. వ్యాపారంలో సరేలే అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

ఫోన్ మళ్లీ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. బస్సు డ్రైవరు వెనక నుంచి ఎవర్నో తిడుతున్నాడు. పిల్ల బడి నుంచి తిన్నగా బండి దగ్గరికే వస్తుంది, సంచి చక్రానికి తగిలిస్తుంది, మొదటి ముక్క దానిది. ఇది నాకు చెల్లే చెప్పింది, మురిసిపోతూ. బోణీ పిల్లతో చేయిస్తానన్నయ్యా, దాని చెయ్యి మంచిది, అని.

తలుపు తీసుకుని దిగాను.

"బావా! తిన్నది అరిగాక పరిగెత్తు బావా!" అని వాడు అరిచాడు. నేను అప్పటికే లారీ దాటాను. పరిగెత్తి ఎన్నేళ్లయిందో. కార్ల అద్దాలు, మోటారు సైకిళ్ల హ్యాండిళ్లు, క్షమించండి, కాస్త జరగండి, పొట్టలో బంగాళాదుంపలూ గుడ్డూ నూడుల్సూ చక్కెరా అన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి. కింద నీళ్ల మీద వెలుతురు ఎర్రగా, పడవలు కట్టేసి ఉన్నాయి, కొన్ని. కొన్ని లేవు. అంటే ఇవాళ వేటకి వెళ్లాయి. నిన్నా మొన్నా గాలివాన, వెళ్లలేదు. వెళితే చేప వస్తుంది, చేప వస్తే పొయ్యి వెలుగుతుంది, పొయ్యి వెలిగితే. ఊపిరి అందలేదు. రైలింగు పట్టుకుని నిలబడ్డాను. ఒకావిడ ఆగి, "మంచినీళ్లు కావాలా?" అంది. తల అడ్డంగా ఊపి మళ్లీ పరిగెత్తాను. పరుగు అనడం గొప్ప. పడిపోకుండా ముందుకెళ్లడం.

గేటు దగ్గర పొగ కనబడింది ముందు. తర్వాత వాసన, వేయించిన చేప వాసన. బాణలి వెలిగింది. హమాలీలు గుంపుగా నిలబడి తింటున్నారు. చక్రానికి బడిసంచి వేలాడుతోంది. సంచి కింద మేనకోడలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చేతులతో ముక్క పట్టుకుని ముల్లు తీస్తోంది. నోరు నిండా ఉంది. 

"అన్నయ్యా? ఏంటా చెమటలు? ఎవరన్నా తరిమారా?"

"డబ్బా," అన్నాను. "పొద్దున వచ్చిన డబ్బా. ఏది?"

చెల్లి గరిటెతో చూపించింది. అటు తిరిగాను. బండి పక్కన ఒక భారీ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, ఒళ్లో పళ్లెం, చెవిలో దూది, పోస్టాఫీసులో పనిచేసి మానేసినాయన, రోజూ అక్కడికే వస్తాడట. ఆయన దేని మీద కూర్చున్నాడో ఆయన చుట్టుకొలత వల్ల కనబడలేదు. వంగి చూశాను. మా డబ్బా. మూత ఆయన కింద ఉంది. తీసి వేసే వీలే లేదు, ఆ మూతని ఏనుగు కూడా లాగలేదు.

"తియ్యలేదా?" అన్నాను. గొంతు కీచుమంది. "ఇది తియ్యలేదా నువ్వు?"

"ఎందుకు తీస్తాను? రెండు రోజులు వానకి బండే పెట్టలేదు, పాత డబ్బాలో ఇంకా సగం ఉంది. ఇది ఈయనకి పీటేశాను, కొత్త స్టూలు విరిగిపోయింది. అదేంటన్నయ్యా, కూచున్నావేంటి కింద?"

నేను కింద కూర్చున్నానని అప్పుడు తెలిసింది. రేవు రోడ్డు మీద, చేప పొలుసుల మధ్య, తెల్ల పంచెతో. నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, పొట్టలో అన్నిటినీ కుదిపేస్తూ వచ్చింది. పోస్టాఫీసు పెద్దాయన నమలడం ఆపి నా వంక అనుమానంగా చూశాడు.

"అయ్యా, కాస్త లేస్తారా?" అన్నాను.

"ముక్క అయ్యాక," అన్నాడు.

"అది వంట నూనె డబ్బా కాదండీ, మెకానిక్‌ది."

"ఎవరిదైతేనేం, గట్టిగానే ఉంది."

"బాబాయ్, లేవండి ఒకసారి," అంది చెల్లి. నా మొహం చూసి తనకేదో అర్థమైంది. ఆయన గొణుక్కుంటూ లేచాడు, మోకాళ్లు చప్పుడు చేశాయి. మూత నడిమధ్యన గుండ్రంగా సున్నం బొట్టు. వేలితో గీకాను. మా బొట్టు పల్చగా ఉంటుంది, గీకితే పొడి రాలుతుంది. ఇది పెంకులా లేచింది. గోడ సున్నం. మూత లాగాను, వేలు ముంచాను, నాలికకి రాసుకోలేదు, అక్కర్లేదు, వేళ్ల మధ్య రుద్దితే చాలు, నీళ్లలా జారింది, దేనికీ అంటుకోలేదు. మూత మళ్లీ బిగించి దాని మీద నేనే కూర్చున్నాను.

అక్కడ, ఆ డబ్బా మీద, ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలుపెట్టాయి. ఆస్పత్రి రోడ్డు అట్టులో ఉల్లిపాయ తియ్యదనం వచ్చింది ముందు. తర్వాత డిపో చక్కెర. తర్వాత బంగాళాదుంప కరకర, లైన్లో రండి అంకుల్. ఇంతసేపూ అవన్నీ గొంతులోనే నిలబడి, లోపలికి రావచ్చో లేదో అని చూస్తున్నట్టున్నాయి. రమ్మన్నాను. ఈ ఊళ్లో ఇన్ని రకాల నోళ్లు ఉన్నాయని, ఒకే పీపాలోంచి పోసిన నూనె బడి దగ్గర ఒకలా, ఆస్పత్రి దగ్గర ఒకలా మాట్లాడుతుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా సరేలే అనేవాణ్ణి.

చెల్లికి విషయం మెల్లగా చెప్పాను, హమాలీలకి వినబడకుండా. విన్నంతసేపూ బాణలిలో ముక్కలు తిప్పుతూనే ఉంది. పిల్ల వంక ఒకసారి చూసింది. గరిటె ఒక్క క్షణం ఆగింది. నన్ను నానా మాటలూ అంటుందనుకుని సిద్ధపడ్డాను.

"నాలుగు బళ్ల దగ్గరా నువ్వే తిన్నావా?" అంది.

"నేనూ, వీడూ." బావమరిది అప్పుడే ఆటో తెచ్చి గేటు దగ్గర ఆపాడు, డబ్బా మీద నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"తెలిసీ తిన్నావా? మిషన్ నూనె అయితే?"

"అయితే తెలిసేది కదా."

"నీ తెలివి తగలెయ్య," అంది చెల్లి, కొంగుతో మొహం తుడుచుకుంటూ. పొయ్యి సెగ కావచ్చు. "మా వదినకి నువ్వు బతికున్నట్టు చెప్పావా?"

ఫోన్ చేశాను. దొరికిందన్నాను. "అన్నం పెట్టి ఉంచనా?" అంది మా ఆవిడ. వద్దు, పొట్ట నిండిందన్నాను. ఏం తిన్నారేంటి, అంది. చెప్పడం మొదలుపెట్టాను. అట్టు దగ్గరికి వచ్చేసరికి, "మీరొక్కరే తిన్నారన్నమాట," అంది. రేపు నిన్ను తీసుకెళతానన్నాను. "సరేలే," అంది మా ఆవిడ. ఆ మాట అటు నుంచి వినడం ఎలా ఉంటుందో తెలిసింది. నిజంగానే తీసుకెళతానే, అని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

హమాలీ పెద్దాయనకి కూడా చేశాను, దొరికింది, తప్పు నీది కాదు, రేపటి నుంచి సున్నం మానేసి నీలిమందు పెడదాం, గోడలకి ఎవరూ నీలం కొట్టరులే, అన్నాను. "మెకానిక్ కొడతాడయ్యా, వాడి బుద్ధి మనకి తెలుసు," అన్నాడు. అంతసేపూ అన్నం ముట్టలేదట, ఇప్పుడు తింటానన్నాడు.

ఈలోపు చెల్లెలి భర్త బండి వెనక నుంచి నడుం పట్టుకుని వచ్చాడు. సంగతి విని డబ్బా మూత ఎత్తి వాసన చూశాడు, వేలికి రాసుకున్నాడు, తల పంకించాడు. "మంచి సరుకు. నా కుట్టు మిషన్ నెల్నాళ్ల నుంచి కిర్రుమంటోంది. కాస్త వంపనా?" అది మెకానిక్ సొమ్ము కదా అన్నాను. "వాడు ఎవరి గోడౌన్‌లో పెట్టాడు? అద్దె అనుకో," అంది చెల్లి. వ్యాపారం నాకే వచ్చనుకున్నాను ఇన్నాళ్లూ. ఒక చిన్న సీసాడు వంచి ఇచ్చాను.

పోస్టాఫీసు పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు, పళ్లెం పట్టుకుని. "ఇప్పుడు నేను దేని మీద కూర్చోవాలి?" అని అందర్నీ కలిపి అడిగాడు. బావమరిది ఆటోలోంచి స్టెప్నీ టైరు దింపి వేశాడు. ఆయన కూర్చుని, సర్దుకుని, "ఇది ఇంకా మెత్తగా ఉంది, ఇంతకాలం ఎందుకు పెట్టలేదు?" అన్నాడు. చెల్లి నవ్వింది. ఆ నవ్వు పరికిణీ నాటిది.

నా ముందు పళ్లెం పెట్టింది. పొట్టలో చోటు లేదు. ఉన్న చోటంతా నాలుగు పేటలు ఆక్రమించాయి. అయినా విరిచి నోట్లో పెట్టుకున్నాను. ఈసారి నాలిక మొదట్లో వేసుకోలేదు, నూనె కోసం వెతకలేదు. చేప మాత్రమే తిన్నాను. పైన కరకర, లోపల తెల్లగా పొరలు పొరలుగా, ఉప్పు సముద్రానిదో చెల్లిదో తెలియలేదు. కాలిన నాలికకే ఇంత తెలిస్తే మంచి నాలికకి ఎంత తెలిసేదో. దీన్ని నేను సరేలే అన్నాను ఇన్నేళ్లు. "ఎలా ఉంది?" అనలేదు చెల్లి. హమాలీలకి వడ్డిస్తూ ఓరకంట చూసింది, చాలు.

చీకటి పడకముందే కొట్టు మూయాలి, డబ్బా మెకానిక్‌కి ఇవ్వాలి, సీసాడు నూనెకి వాడితో గొడవపడాలి. లేవబుద్ధి కాలేదు. కూర్చునే లెక్క చూసుకున్నాను. పోయినవి ఒక పూట వ్యాపారం, ఒక పంచె, మూడు రోజులదాకా కుదుటపడేలా లేని పొట్ట. వచ్చింది ఏమిటా అని చూస్తుంటే ఏదీ చేతికి తగల్లేదు. బడి దగ్గర ఏమీ కాలేదు, ఆస్పత్రి దగ్గర ఏమీ కాలేదు, సందులో, డిపోలో, ఇక్కడ, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని ఏ పద్దు కింద వెయ్యాలో నాకు తెలియదు. అప్పుడు మేనకోడలు ముల్లు మొత్తం తీసి పక్కన పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే నాకి, ఖాళీ పళ్లెం పైకెత్తి, "అమ్మా, ఇంకోటి," అంది. చెల్లి వేసింది. అది తినడం మొదలుపెట్టింది. ఆ రోజుకి నా రాబడి మొత్తం అదే, తరుగు లేకుండా.